పంక్తి చివర పదము: బ్రౌను దొర జీవితము

పంక్తి ముగిసినది, పదము ముగియలేదు. అప్పుడు పదమును ఎక్కడ తెంచవలెను? చూచుటకు ఇది అచ్చుకూటములో అక్షరములు పేర్చువాని చిన్న చిక్కు. కాని భాషలో పదమనగా ఏది, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును అను పెద్ద ప్రశ్న దీనిలో దాగియున్నది. నేడు చేతిలో పట్టుకొని చదువు ఈ-రీడరు తెరపై అక్షరమును పెద్దది చేసినప్పుడెల్ల పంక్తులన్నియు మరల అమరును. ఏ పదము ఎక్కడ తెగవలెనో యంత్రము రెప్పపాటులో నిర్ణయించును. ఆ నిర్ణయమునకు వెనుక మనుష్యులు ఏండ్ల తరబడి కూర్చుండి చేసిన శ్రమ ఉన్నది. తెలుగు విషయమున అట్టి శ్రమకు పునాది వేసినవారిలో ముఖ్యుడు, తెలుగువాడు కాని ఒక తెలుగు పండితుడు. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో పుట్టినాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్టు విలియం కళాశాలతో సంబంధము గల విద్వాంసుడు. ఆ యింటిలో భాషలు నేర్చుట వింత కాదు, నిత్యకృత్యము. 1812లో తండ్రి మరణించగా కుటుంబము ఇంగ్లండు చేరినది. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగమునకు వలసిన చదువు ముగించుకొని, 1817 ఆగస్టులో చార్లెస్ మద్రాసు రేవున దిగినాడు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేండ్లు నిండలేదు. సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చినాడు. 1820లో పరీక్ష నెగ్గి, ఆ యేడు ఆగస్టులోనే కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయోద్యోగిగా ఆ సీమకు వచ్చినాడు.

నాటి కడప జిల్లా నేటి జిల్లా కాదు. 1800లో నిజాము కంపెనీకి దత్తము చేసిన సీమలో అది ఒక పెద్ద భాగము. థామస్ మన్రో ఏడేండ్లు తిరిగి భూములు కొలిపించి రైతువారీ పద్ధతిని నిలిపిన సీమ అది. బ్రౌను కడపకు వచ్చునాటికి ఆ మన్రోయే మద్రాసు గవర్నరు. కుందూనది పరీవాహకమున నల్లరేగడి పొలముల నడుమనున్న కోయిలకుంట్ల కూడ అప్పుడు కడప జిల్లాలోనిదే. 1858లో అది కర్నూలు జిల్లాలో చేరినది. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు దానిలోనికి వచ్చినది. కోయిలకుంట్ల వంటి తాలూకాల రైతులు శిస్తు తగ్గించుమనియు, చెరువు తెగినదనియు, పొలిమేర తగాదా తీర్చుమనియు పెట్టుకొను అర్జీలన్నియు తెలుగులోనివే. అవి చదువనిదే కచ్చేరీలో దొరకు పని సాగదు.

ఆ అర్జీల వ్రాత ఎట్లుండునో నేటి విద్యార్థి ఊహించుకొనుట కష్టము. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. వాక్యము ముగిసినచోట చుక్క లేదు. అక్షరము వెంట అక్షరము గొలుసువలె సాగిపోవును. తెలుగువానికి ఇది చిక్కు కాదు. అతడు నోటితో చదువుచు పోవును. చెవి పదములను విడదీసికొనును. పుట్టినది మొదలు విన్న భాష కనుక ఎక్కడ ఊపిరి నిలుపవలెనో అతనికి తెలియును. పరదేశికి ఆ చెవి లేదు. 'ఊరికిరాయి' అని ఒక కాగితముపై వ్రాసియున్నదనుకొందము. ఊరికి రాయి అని చదివిన ఒక అర్థము. ఊరి కిరాయి అని చదివిన వేరొక అర్థము. 'నీకుమారుడు' అన్నచో నీ కుమారుడో, నీకు మారుడో సందర్భము చెప్పవలెను. తెలుగువారికి ప్రశ్నగానే తోచని విషయము కొత్తగా నేర్చువానికి పెద్ద ప్రశ్న అగును. ఆయన జీవితకార్యము ఈ పరదేశి కష్టమునుండి మొలకెత్తినదే.

అర్జీకంటె తాటియాకు మరింత కఠినము. శ్రీతాళపత్రముపై గంటముతో గీచి, ఆ గీతలలో మసి పట్టించి వ్రాసిన గ్రంథమునందు పంక్తి ఆకు పొడవునా సాగును. తాడు కట్టు రంధ్రము వచ్చినచోట కొంచెము ఎడము విడిచి, మరల అదే పదమును కొనసాగింతురు. ఆకు చివర వచ్చినప్పుడు ఏ అక్షరమున్నదో అక్కడనే పంక్తి తెగును. మిగిలిన అక్షరములు క్రింది పంక్తిలో మొదలగును. పదము తెగినదని తెలుపు గీత యేదియు లేదు. పద్యమునకును వచనమునకును ఒకే తీరు. నాలుగు పాదముల పద్యమును నాలుగు పంక్తులుగా వ్రాయరు. లేఖకుడు తన నియమమొకటి మాత్రము తప్పడు: అక్షరమును అక్షరముగానే ఉంచును. వత్తును ఒక పంక్తిలో, దాని తల్లి హల్లును వేరొక పంక్తిలో పెట్టడు. సున్నను దాని అక్షరమునుండి విడదీయడు. ఎవరును శాస్త్రముగా వ్రాసి పెట్టకపోయినను చేతివాడుకగా వచ్చిన ఈ నియమమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథలో మరల ఇది రానున్నది.

1822లో బ్రౌను మచిలీపట్నమునకు మారినాడు. 1824 ప్రాంతమున ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన గ్రంథములో వేమన పేరు చూచి, ఆ కవి పద్యములకై వెదకుట ప్రారంభించినాడు. దొరికిన ప్రతులు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒక ప్రతిలో ఒక పాఠము, వేరొకదానిలో వేరొక పాఠము. కొన్నిచోట్ల లేఖకుడు పదములను తప్పుగా విడదీసికొని, తనకు తోచిన మాట నిలిపినాడు. ఇందులో ఏది కవి మాట, ఏది లేఖకుని పొరపాటు అని తేల్చుటకు కొలబద్ద కావలసివచ్చినది. తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య అను పండితుల వద్ద కూర్చుండి ఆయన ఛందస్సు నేర్చినది ఈ అవసరము వలననే. గణములు, యతి, ప్రాస తెలిసిన తరువాత ఎడము లేని వ్రాతలో దారి కనబడును. ప్రాసనియమము గల పద్యములలో ప్రతిపాదమునందును రెండవ అక్షరము ప్రాస. అది కుదిరినచోట పాదము మొదలైనది. గణములు నిండినచోట పాదము ముగిసినది. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించు పుస్తకమును ఇంగ్లీషులో ప్రకటించినాడు.

ఛందస్సు ఆయనకు మరియొక రహస్యమును కూడ చూపియుండును. మన వృత్తములలో పాదము ముగిసినచోట పదము ముగియవలెనను నియమము లేదు. గణము నిండగానే పాదము తెగును. పదములో మిగిలిన అక్షరములు తరువాతి పాదమున చేరును. పద్యము చెప్పు ఉపాధ్యాయుడు అచ్చట ఊపిరి నిలుపక రెండు పాదములను కలిపి చదువుట పిల్లలు వినుచునే యుందురు. అనగా పంక్తి చివర పదమును తెంచుట అచ్చుయంత్రము మనకు తెచ్చిన తెగులు కాదు. కవులు దానిని వందల ఏండ్లు ఏలినారు. కాని వారు తెంచినది అక్షరముల మధ్యనే గాని అక్షరము లోపల కాదు.

ఇక సంధి. ఇంగ్లీషులో ఒక మాటకును మరియొక మాటకును నడుమ గోడ ఉన్నది. తెలుగులో గోడ కరిగిపోవును. రాముడు, ఎక్కడ అను రెండు మాటలు కలిసి 'రాముడెక్కడ' అయినప్పుడు 'డె' అను ఒక్క అక్షరములో హల్లు మొదటి మాటది, అచ్చు రెండవ మాటది. పదముల పొలిమేర అక్షరము కడుపులో పడినది. దానిని తెంచవలెనన్నచో అక్షరమునే చీల్చవలెను. చీల్చినచో మాట రూపము మారును. కనుక తెలుగులో రెండు వేరువేరు పనులు కలవు. అర్థము కొరకు పదమును విడదీయుట ఒకటి. చోటు చాలక పంక్తిని విరుచుట రెండవది. మొదటి పనికి వ్యాకరణము, నిఘంటువు కావలెను. రెండవ పనికి లిపి తెలిసిన చాలును. ఈ భేదము తెలియనివాడు తెలుగు పుస్తకమును అందముగా అచ్చువేయలేడు, సుఖముగా చదివింపలేడు.

రాజమండ్రిలో కొంతకాలము పనిచేసి 1826లో బ్రౌను మరల కడపకు వచ్చినాడు. ఈసారి అక్కడ ఒక బంగళా కొని దానిని పండితుల కార్యశాలగా మార్చినాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారములన్నియు చూచుచుండెడివాడు. ఊరూర తాళపత్రములు సేకరించుట, ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు ఒకచోట చేర్చుట, పండితులు కూర్చుండి పాఠములు పోల్చుట, నిర్ణయమైన పాఠమును లేఖకులు కాగితముపై శుద్ధముగా వ్రాయుట, దానికి పండితులచే టీక కూర్పించుట: ఇదియే ఆ యింటి దినచర్య. జీతములన్నియు దొర సొంత డబ్బు. కంపెనీ ఇచ్చు జీతము చాలక అప్పులు చేసినాడు. కరవుసీమలో, కావ్యములను పోషించు రాజులు పోయిన కాలమున, పండితులకు ఆ బంగళా కొంత నీడ యిచ్చినది.

ఆ పనిలో టీక అను దానిని మనము తేలికగా చూడరాదు. ప్రతిపదార్థము వ్రాయుట యనగా గొలుసుగా నున్న పద్యమును లంకె లంకెగా విప్పుట. సంధులు విడదీసి, సమాసములు విచ్చి, ఒక్కొక్క పదమును వేరుగా నిలిపి దానికి అర్థము చెప్పుదురు. ఎక్కడ విడదీయవలెనో సందేహము వచ్చినప్పుడు పండితులు వాదించుకొని తేల్చవలెను. జూలూరి అప్పయ్య వంటివారు ఈ విద్యలో నిధులు. ఆయన వ్యాఖ్యతో మనుచరిత్ర 1851లో అచ్చైనది. బ్రౌను పేరు లోకమునకు తెలిసినంతగా ఈ పండితుల పేర్లు తెలియవు. ప్రశ్న దొరది, జవాబులు ఎక్కువభాగము వారివి. ఈ న్యాయమైన పంపకమును మన పాఠములలో ఉపాధ్యాయులు చెప్పవలసియున్నది.

1829లో వేమన పద్యములు ఇంగ్లీషు అనువాదముతో ప్రకటితమైనవి. అందు 693 పద్యములు కలవు. తరువాత కొన్నేండ్లు బ్రౌనుకు గడ్డుకాలము. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను చుట్టుకొన్న భయంకర క్షామమును కన్నులార చూచినాడు. ఆ పిమ్మట ఇంగ్లండు వెళ్ళి, లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయమున ఎవరును ముట్టక పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి, వానిని మద్రాసునకు తిరిగి పంపునట్లు చేసినాడు. తరువాత పర్షియన్ భాషానువాదకుడుగా మద్రాసునకు మరలినాడు. 1839లో వేమన రెండవ కూర్పు 1,164 పద్యములతో వెలువడినది. 1840లో తెలుగు వ్యాకరణము ఇంగ్లీషులో అచ్చైనది. ఆయన సేకరించిన గ్రంథసంపద కళాశాలకు చేరి, అటుపిమ్మట మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనమైనది.

ఆయన నిఘంటువు కూర్చుచున్న ఆ సంవత్సరములలోనే కోయిలకుంట్ల పేరు రాయలసీమ అంతట మారుమ్రోగినది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీపై తిరుగబడి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసినాడు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆ యూరనే ఉరికంబమెక్కినాడు. బ్రౌను అదే కంపెనీకి ఉద్యోగి. ఆ ప్రభుత్వము శిస్తు వసూలునకు నేర్పించిన భాషయే ఆయన చేతిలో సాహిత్యసేవకు సాధనమైనది. ఈ రెండు సంగతులలో ఒకటి చెప్పి ఒకటి దాచినచో చరిత్ర కాదు. పాలనకై పుట్టిన పరిచయము పాలనను మించి పెరుగుట ఆయన జీవితములోని విశేషము.

1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘపు ముద్రాక్షరశాలలో అచ్చైనవి. అదే యేడు వెలువడిన తెలుగు రీడరులో కావ్యములు కాక, ఇంటి ఉత్తరములు, వ్యాపారపు జాబులు, పోలీసు, రెవిన్యూ వ్యవహారపు కాగితములు చేర్చినాడు. కడప కచ్చేరీలో తొలినాట తన్ను తికమకపెట్టిన వ్రాతలకు, తరువాత వచ్చువారు తికమకపడకుండునట్లు, ఆ విధముగా దారి చూపినాడు. 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యములకు, మిశ్రభాషకు వేరొక నిఘంటువు వచ్చినది. ప్రజల నోటి మాటలను గ్రాంథికముల సరసన కూర్చుండబెట్టుట సంప్రదాయజ్ఞులకు రుచింపలేదు. అయినను అర్ధశతాబ్దము గడచిన తరువాత, 1903లో, కందుకూరి వీరేశలింగం ప్రభృతులు తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును సంస్కరించి మరల అచ్చువేయవలసివచ్చినది. విడువదగిన గ్రంథము కానందుననే గదా.

నిఘంటువనగా అర్థముల పట్టిక మాత్రమే కాదు. ఇది ఒక పదము, ఇక్కడ మొదలై ఇక్కడ ముగియును అని వేలసార్లు చెప్పు సాక్ష్యము అది. గొలుసుగా సాగు భాషను విడివిడి ముత్యములుగా ఏరి అకారాది క్రమమున పేర్చిన మాల అది. అందుచేత దానిని తెలుగునకు జరిగిన గొప్ప పదచ్ఛేదములలో ఒకటిగా భావింపవచ్చును. ఆరోగ్యము చెడి 1855లో బ్రౌను ఇంగ్లండు చేరినాడు. 1865 నుండి లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా ఉండి, తన సాహిత్యజీవితమును తానే వ్రాసికొని, 1884 డిసెంబరు 12వ తేదీన అక్కడనే కన్నుమూసినాడు. ఆయన పెండ్లి చేసికొనలేదు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలమున నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రము, గ్రంథాలయము నిలిచియున్నవి.

ఆయన పోయి నూరేండ్లు నిండకముందే ఆయన ప్రశ్న వేరొక దేశమున, వేరొక రూపమున తలయెత్తినది. గణకయంత్రముచే పుస్తకములు అచ్చువేయ సంకల్పించినవారికి పంక్తి చివర పదమును ఎట్లు తెంచవలెనను సమస్య వచ్చినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డోనాల్డ్ క్నూత్ శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983లో తన పరిశోధన గ్రంథమున దానికొక ఉపాయము చూపినాడు. విడుపులు గుర్తుపెట్టిన నిఘంటువును యంత్రమునకు ఇచ్చినచో, అది నిఘంటువునంతయు మోయక, దానినుండి చిన్నచిన్న అక్షరగుచ్ఛములను ఏరుకొనును. ప్రతి గుచ్ఛములోను అక్షరముల నడుమ అంకెలుండును. బేసి అంకె ఉన్నచోట పదము విరువవచ్చును. సరి అంకె ఉన్నచోట విరువరాదు. రెండు గుచ్ఛములు ఒకేచోట తగవులాడినచో పెద్ద అంకె గెలుచును.

తెలుగు మాటతో చెప్పినచో ఇది సులభముగా తెలియును. 'కాయ' అను గుచ్ఛమునకు ముందు 1 అని ఉంచినామనుకొందము. అప్పుడు కాకరకాయ, బీరకాయ, వంకాయ అన్నియు కాయకు ముందు విరుగును. కాని నికాయము అను మాట కూడ అట్లే విరిగి, 'ని' ఒక్కటే పంక్తి చివర ఒంటరిగా నిలుచును. దానిని వారించుటకు 'ని' తరువాత 2 ఉంచిన పెద్ద గుచ్ఛమొకటి చేర్చిన చాలును. నియమము, దానికి అపవాదము, ఆ అపవాదమునకు మరల అపవాదము: మన వ్యాకరణము చదివినవారికి ఈ క్రమము కొత్త కాదు. ఇంగ్లీషునకు ఇట్టివి 4,447 గుచ్ఛములు సరిపోయినవి. నిఘంటువులోని విడుపులలో 89 శాతము వానితో దొరకినవి. నేటి ఈ-రీడరులలోను, వ్రాతకోత సాధనములలోను పదములు విరుచు పద్ధతులలో ఎక్కువభాగము ఈ లియాంగ్ మార్గము వెంట నడచినవే.

అన్ని భాషలకును ఒకే కత్తెర పనికిరాదు. ఇంగ్లీషులో రికార్డ్ అను మాట నామమైనప్పుడు ఒకచోట, క్రియయైనప్పుడు వేరొకచోట విరుగును; వ్రాత ఒకటే, ఉచ్చారణ వేరు. జర్మన్ భాషలో 1996 నాటి సంస్కరణకు ముందు కొన్ని మాటలను విరిచినప్పుడు అక్షరములే మారిపోయెడివి. చైనా లిపిలో దాదాపు ప్రతి అక్షరము తరువాతను పంక్తి విరుగవచ్చును. అరబ్బీ వ్రాతలో పదమును తెంచుటకు మారుగా అక్షరములను కలుపు గీతను సాగదీసి పంక్తిని నింపుదురు. థాయి, ఖ్మేర్ భాషలలో నేటికిని పదముల నడుమ ఎడము లేదు. కనుక పంక్తి విరుచుటకు ముందు యంత్రము నిఘంటువు తెరచి పదములు ఎక్కడ ముగియునో వెదకవలెను. కడప బంగళాలో పండితులు తాటియాకు ముందుంచుకొని చేసిన పనికి అది దగ్గరి చుట్టము.

తెలుగునకు నియమములు కొద్ది. యంత్రము దృష్టిలో 'స్త' అను అక్షరము ఒకటి కాదు, మూడు: సకారము, పొల్లు, తకారము. ఆ మూటిని విడదీయరాదని చెప్పవలెను. పుస్తకము అను మాట 'పు' తరువాత విరుగవచ్చును, 'స్త' తరువాత విరుగవచ్చును, నడుమ విరుగరాదు. చెవికి పుస్ అని ఒక భాగము వినబడినను లిపి స్తను కలిపి ఉంచును గనుక ఇక్కడ కంటిదే గెలుపు. సున్న, విసర్గ తమ ముందరి అక్షరమును విడిచి కొత్త పంక్తిని మొదలుపెట్టరాదు. విద్వాన్ అనునప్పుడు చివరి పొల్లు ఒంటరిగా క్రిందికి జారరాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు భారతీయ భాషలకు కూర్చిన విరుపు సూత్రములలో తెలుగునకు ఉన్నవి ఇంచుమించు ఇవియే. తాళపత్రముపై మన లేఖకుడు చేతివాడుకగా పాటించిన నియమమే మరల వచ్చినదని పాఠకులు ఈపాటికి గ్రహించియుందురు.

కాని ఇది రెండవ పని మాత్రమే; మొదటి పని మిగిలియున్నది. లిపి నియమము ప్రకారము 'పూలతోట' అను మాట 'పూ' తరువాత విరిగినను తప్పు లేదు. కాని క్రింది పంక్తిలో 'లతోట' చూచిన బాలుడు ఆగును. వెనుకకు పోయి మరల చదువును. 'పూల' తరువాత విరిగినచో అతడు ఆగనక్కరలేదు. 'కాక' అని ఒక పంక్తిలోను 'రకాయ' అని వేరొక పంక్తిలోను చూచిన పిల్లవాడు కాకరకాయను గుర్తుపట్టుటకు క్షణము పట్టును. చదువు వచ్చినవారికి ఆ క్షణము లెక్కలోనిది కాదు. కూడబలుకుకొని చదువువానికి పంక్తి పంక్తికిని అట్టి క్షణములు చేరి, పుస్తకము మూసివేయు విసుగగును. పదము విరువనే విరువకున్నచో వేరొక చిక్కు: చేయవలసియుండినందువలన వంటి దీర్ఘమైన మాట మొత్తముగా క్రిందికి దిగి, పై పంక్తిలో పదముల నడుమ బావులవలె ఎడములు పడును. చిన్న తెరపై పెద్ద అక్షరములు పెట్టుకొని చదువువారికి, అనగా చిన్నపిల్లలకును చూపు మందగించిన వృద్ధులకును, ఈ బాధ ఎక్కువ.

దీనికి విరుగుడు లేకపోలేదు. పుస్తకము ఏ భాషలోనిదో దానియందు గుర్తు పెట్టవలెను. లేనిచో యంత్రమునకు ఏ భాష సూత్రములు వాడవలెనో తెలియదు. పంక్తి చివర వచ్చినప్పుడు మాత్రమే కనబడు దాగిన హైఫనును సంపాదకుడు సమాసముల కీలువద్ద ఉంచవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, సమాసముల కీళ్ళు గుర్తుపెట్టిన పదపట్టిక. దానికి మొదటి ఆధారముగా బ్రౌను నిఘంటువు నేటికిని పనికివచ్చును; షికాగో విశ్వవిద్యాలయము వారి దక్షిణాసియా నిఘంటువుల సంచయములో అది గణకరూపమున అందరికిని అందుబాటులో ఉన్నది. ఒక్కొక్క మాట ఎదుట దాని కీలు ఎక్కడనో తెలుగు చెవి గలవారు గుర్తుపెట్టవలెను.

ఆలోచించి చూచినచో ఈ-రీడరు కూడ బ్రౌను వంటి పరదేశియే. దానికి చెవి లేదు. అక్షరముల గొలుసును చూచును గాని ఊపిరి ఎక్కడ నిలుపవలెనో ఎరుగదు. బ్రౌనుకును యంత్రమునకును భేదమొకటి ఉన్నది. తనకు తెలియదని బ్రౌను తెలిసికొన్నాడు. పండితుల యెదుట కూర్చుండి అడిగినాడు, అప్పుచేసి వారిని పోషించి జవాబులు వ్రాయించినాడు. యంత్రము అడుగదు. దానికి చెప్పినవారు చెప్పినట్లు చేయును. ఎవరును చెప్పకున్నచో తోచినట్లు తెంచును.

కనుక ఇప్పుడు పండితుల స్థానమున కూర్చుండవలసినవారము మనమే. ఇది గొప్ప విద్వత్తు కోరు పని కాదు. ఏడవ తరగతిలో సంధులు, సమాసములు చెప్పునప్పుడు ఉపాధ్యాయుడు పాఠములోని పది సమాసములకు కీళ్ళు గుర్తింపజేసినచో పిల్లలకు వ్యాకరణము పట్టుబడును, పట్టిక పెరుగును. కోయిలకుంట్ల సీమ పిల్లలకు టెంకాయ, సీకాయ వంటి మాటలు పుస్తకము చూడకయే తెలియును. ఒకనాడు ఆ సీమ అర్జీలు కడపకు పోయి ఒక దొరకు తెలుగు నేర్పినవి. నేడు ఆ సీమ బడులు యంత్రమునకు తెలుగు నేర్పవచ్చును. బ్రౌనుకు ఆ పనికి అప్పు చేయవలసివచ్చినది. మనకు కావలసినది తీరిక మాత్రమే.